తువ్వాల బ్లాకు

మా తమ్ముడికి ముప్పై దాటాయి. ఇద్దరు పిల్లల తండ్రి. నర్సంపేట అవతల మా ఊళ్లో వరి, మక్కజొన్న వేసి, కాస్త మిర్చి కూడా పెట్టే రైతు. అలాంటి మనిషి ఫోనులో బ్లాకు మీద బ్లాకు పేర్చుకుంటూ కూర్చుంటున్నాడని మరదలు చెప్పినప్పుడు నాకు నవ్వు రాలేదు, ఒళ్లు మండింది. వెంటనే వాడికి ఫోన్ చేసి కడిగిపారేశాను.

"పిల్లలు ఆడే ఆట నువ్వాడుతానవేందిరా? సిగ్గు శరం లేదా?"

"పిల్లలకు సమజైతలేదక్కా. అందుకే నేనాడుతాన."

"ఏముందిరా దాంట్ల?"

"ఒకపాలి లోపటికి రా, సూపిస్త."

అట్లా వెళ్లాను. హనుమకొండ చౌరస్తా దగ్గర మాకు జిరాక్సు, రీచార్జి దుకాణం ఉంది. మా ఆయన సామాన్ల కోసం బయట తిరుగుతాడు, గల్లా దగ్గర నేను కూర్చుంటాను. మధ్యాహ్నం భోజనాల వేళ నుంచి కాలేజీలు వదిలేదాకా ఈగలు తోలుకోవడమే పని. ఆ ఖాళీలో ఆట నా ఫోనులోకి వచ్చి కూర్చుంది. తిట్టిన నోటితోనే "ఒరేయ్, ఇయ్యాల ఎప్పుడొస్తవ్?" అని అడిగే దశకు తొందరలోనే వచ్చాను. మా ఆయనకు కనబడకుండా ఫోనును బిల్లు పుస్తకం కింద దాచుకునేదాన్ని.

ఆ ఆట తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. అందులో నేల, కొండ, చెట్టు అన్నీ చదరపు బ్లాకులే. తవ్వితే బ్లాకు చేతికొస్తుంది, కావలసిన చోట పెట్టుకోవచ్చు. ఎవరి ఊళ్లో వాళ్లుండి ఇద్దరు ముగ్గురు ఒకే లోకంలో తిరగొచ్చు. బాగా లోతుకు తవ్వితే ఒక ఎర్ర పొడి దొరుకుతుంది. మా తమ్ముడి ప్రాణమంతా ఆ పొడి మీదే ఉండేది. దాన్ని నేల మీద గీతలా చల్లుకుంటూ పోతే అది కరెంటు తీగ అవుతుంది. ఈ చివర మీట నొక్కితే ఆ చివర దీపం వెలుగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, బండ పక్కకు జరుగుతుంది. ఎనుమాముల మార్కెట్టుకు మిర్చి తోలే ఇంట్లో పుట్టినవాళ్లం, ఎర్రటి పొడి కనిపిస్తే ఇంకో పేరెందుకు పెడతాం? మేమిద్దరం దాన్ని కారం అనేవాళ్లం. "అక్కా, కారం ఒడిసింది, జర తవ్వుకరా" అని వాడు వాయిస్ మెసేజ్ పెడితే, ఆధార్ కార్డు జిరాక్సు కోసం నిలబడ్డ ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది ఒకసారి.

ఆట తయారుచేసేవాళ్లు ఒక పేజీ పెట్టారు. కొత్తగా ఏ వస్తువు కావాలో ఆడేవాళ్లు ఎవరైనా అందులో రాయొచ్చు. నచ్చితే మిగతావాళ్లు ఓటు వేస్తారు, నచ్చకపోతే వెక్కిరిస్తారు. చాలామంది రంగురంగుల దీపాలు, పాట పాడే బ్లాకులు అడిగేవాళ్లు. మావాడు అడిగేవి వేరు. మూడు వైపుల నుంచి కారం వస్తేనే నడిచే యంత్రం కావాలన్నాడు. ఒక వైపు రాకపోతే అది గుర్రుమంటుందట, చూసి ఆపకపోతే కాలిపోతుందట.

"ఆటల గూడ కాలుడెందుకురా?" అన్నాను.

"కాలకపోతే అది మోటరెట్లయితదక్కా?"

తర్వాత, పక్కపక్కన పోయినా ఒకదానికొకటి అంటుకోని తొడుగు కారం అడిగాడు. ఆ తర్వాత ఆటో బ్లాకు అడిగాడు. కరెంటు పోయి మళ్లీ వస్తే, ఎవరి చెయ్యీ పడకుండా తనంతట తాను మొదలయ్యే బ్లాకు. మా ఊళ్లో బోరు మోటర్లన్నిటికీ అట్లాంటి స్టార్టర్లే ఉంటాయి. కరెంటు రాగానే మనిషి లేకపోయినా మోటరు లేస్తుంది. వాడు అడిగే ప్రతి దాంట్లో కాలిపోయేదో షాకు కొట్టేదో ఏదో ఒకటి ఉండేది. అప్పుడు నేను నవ్వేదాన్ని. ఇప్పుడు ఆ పాత రాతలు సగం చదివి మూసేస్తాను.

మా కాకకు కూడా ఈ ఆట సంగతి తెలుసు. కాక అంటే మా బాపుకు పాలోడు, వరసకు తమ్ముడు. మా పొలం పక్కదే ఆయన పొలం. బాపు పోయాక తమ్ముడికి నాగలి దగ్గర నుంచి నాట్ల దాకా తోడు నిలబడింది ఆయనే. చేతిలో బటన్ల ఫోను తప్ప ఇంకోటి ఎరగడు. మధ్యాహ్నం పొలం ఒడ్డు మీద సద్ది తినేటప్పుడు తమ్ముడి భుజం మీంచి తొంగి చూసేవాడు.

"ఏందిరో, కారం సల్లుడైందా? కూరెప్పుడు వండుతవ్?"

వెక్కిరింపు అట్లా ఉన్నా, ఆలోచనలు మాత్రం ఇచ్చేవాడు. ఒకరోజు, కరెంటు వచ్చే ముందర వెలిగే బుగ్గ, అదే బల్బు, ఒకటి పెట్టమని చెప్పమన్నాడట. "వచ్చినంక ఎలిగే బుగ్గలు ఎవలన్న పెడ్తరు. వచ్చే ముందల ఎలగాలె. జర పక్కకు జరుగుమని మనిషికి సెప్పాలె." తమ్ముడు దాన్ని తనకొచ్చిన ఇంగ్లీషులో పేజీలో రాశాడు. రాబోయేది బుగ్గకెట్లా తెలుస్తుందని ఎవరో అడిగారు. కాకకు చెబితే, "తెల్వదు, తెలిస్తే వాళ్లనెందుకు అడుగుత?" అన్నాడట. ఆ మాటకు మేమిద్దరం ఫోనులో పడీపడీ నవ్వాం.

ఇక్కడ మా పొలాల దగ్గరి పద్ధతి ఒకటి చెప్పాలి. ఒకే ట్రాన్స్‌ఫారం మీద చాలామంది మోటర్లు నడుస్తాయి. దాని స్తంభానికి కింద ఇనుప హ్యాండిలు ఉంటుంది. కిందికి గుంజితే అందరికీ కరెంటు బంద్. పైకి నూకితే అందరికీ వస్తుంది. ఫ్యూజు పోయినా, తీగ తెగినా లైన్‌మన్‌కు చెప్పాలి. లైన్‌మన్ ఒక్కడు, ఊళ్లు చాలా. పొట్టకొచ్చిన వరి ఎండిపోతుంటే ఎవరు ఆగుతారు? హ్యాండిలు గుంజేది వాళ్లే, ఎక్కేది వాళ్లే, కలిపేది వాళ్లే. ఎక్కేముందు భుజం మీది తువ్వాల తీసి హ్యాండిలుకు కట్టేస్తారు. హ్యాండిలుకు తువ్వాల ఉందంటే మనిషి లైను మీద ఉన్నట్టు. దాన్ని కట్టినవాడే విప్పాలి. మిగతావాళ్లు ఎంత తొందరున్నా ఒడ్డు మీద కూర్చుని బీడీ కాల్చుకుంటారే తప్ప చెయ్యి పెట్టరు.

నాకు ఆ హ్యాండిలంటే చిన్నప్పటి నుంచీ భయం. బడి నుంచి వచ్చేటప్పుడు దాని పక్కనుంచి పోవాల్సి వస్తే ఒడ్డు దిగి చుట్టూ తిరిగి పోయేదాన్ని. అమ్మా బాపూ పోయాక నాకంటూ మిగిలింది ఒక్క తమ్ముడు. వాడు లైను ఎక్కుతాడు. ఇంతకన్నా చెప్పేదేముంది? దుకాణంలో కరెంటు పోయినప్పుడల్లా, ఇక్కడి కరెంటుకూ ఊరి కరెంటుకూ సంబంధం లేదని తెలిసి కూడా, ముందు వాడికే ఫోన్ చేసేదాన్ని.

"ఇయ్యాల ఎక్కినవా?"

"ఎక్కలేదక్కా. నువ్వు ఫికర్ చెయ్యకు."

అబద్ధమని గొంతులోనే తెలిసేది. చివరికి ఓపిక నశించి, వరంగల్ బజారులో గొలుసు, మంచి బరువైన తాళం కొని బస్సెక్కి వెళ్లాను. హ్యాండిలు గుంజినాక గొలుసు వేసి తాళం పెట్టి, తాళంచెవి జేబులో వేసుకుని ఎక్కమన్నాను. తమ్ముడు తల గోక్కున్నాడు. కాక ఆ తాళాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలోనే పెట్టాడు.

"మా మీద నమ్మకం పోయిందా బిడ్డా? ఒక్క తల్లి పిల్లల తీరు బతుకుతానం. నీ తమ్ముడు లైను మీదుంటే నేను కరెంటు ఏస్తనా?"

నవ్వుతూనే అన్నాడు, కానీ మనసు నొచ్చిందని ముఖంలో కనబడింది. పది మంది వాడుకునే హ్యాండిలుకు తాళం వేయడమంటే ఆ పది మందినీ దొంగల వరసలో నిలబెట్టడమే మా దగ్గర. నాకు తల కొట్టేసినట్టయింది. తాళం బోరు దగ్గర స్టార్టరు డబ్బా లోపల పడింది. అక్కడే తుప్పు పట్టింది.

హనుమకొండ వచ్చేసరికి తమ్ముడి నుంచి మెసేజ్ ఉంది. "నీ తాళం ఆటల పెడ్తనక్కా, ఆడ ఎవ్వలకు కోపం రాదు." అదే తువ్వాల బ్లాకు. మీటకు తగిలించే బ్లాకు. ఆపినవాడు తగిలిస్తాడు. ఇక ఆ మీట ఆ మనిషి చేతికి తప్ప ఇంకెవరికీ లొంగదు. తాళం లేదు, చెవి లేదు, అవమానం లేదు. మీటే మనిషిని గుర్తుపడుతుంది. చెప్పొద్దూ, విని సంబరపడ్డాను. కానీ నా నోరు ఊరుకోదు కదా.

"మరి ఆపినోడు రాకపోతే ఎట్లరా? ఆట ఇడిసిపెట్టి ఎటన్న పోతే? అందరు చీకట్లనే ఉండాల్నా?"

"గదొకటుంది," అన్నాడు వాడు. "ఇంక జర ఆలోచన చెయ్యాలె." అందుకే దాన్ని పేజీలో పెట్టలేదు. కానీ మా లోకంలో నమూనా ఒకటి కట్టాడు. ఒక స్తంభం, దానికి మీట, మీట కింద తెల్ల ఉన్ని బ్లాకు ఒకటి వేలాడుతూ. అది ఉత్త గుర్తు మాత్రమే. ఆటకు మా నియమం తెలియదు కాబట్టి ఎవరు నొక్కినా మీట లేస్తుంది. ఒకరోజు వాడు అవతల కారం సర్దుతుంటే సరదాకు నేను మీట నొక్కాను. దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగాయి. నవ్వుతాడనుకున్నాను.

"ఆటల గూడ అట్ల చెయ్యద్దక్కా," అన్నాడు. గొంతు వేరేగా ఉంది. ఆ పూట మళ్లీ లోపలికి రాలేదు.

ఆ చలికాలం తమ్ముడు పాత ఇంటి స్థానంలో స్లాబు ఇల్లు కట్టుకుని గృహప్రవేశం చేశాడు. ఆడబిడ్డను కాబట్టి బట్టలు పెట్టే బాధ్యత నాదే. మరదలూ నేనూ వరంగల్ అంతా తిరిగి, పాలోళ్ల మగవాళ్లందరికీ ఒకే కట్టలోంచి తువ్వాలలు తెచ్చాం. తెలుపు మీద ఆకుపచ్చ అంచు. ఎండలో పనిచేసేవాళ్లని కాస్త మందంగా ఉన్నవి ఏరాను. కాక అక్కడికక్కడే తలకు చుట్టుకుని, "మా బిడ్డ పెట్టింది" అని ఊరంతా తిరిగి వచ్చాడు. ఫోటోలో మగవాళ్లందరి భుజాల మీదా అవే తువ్వాలలు. చూసి మురిసిపోయాను నేను.

ఎండలు ముదిరాయి. కాక చేనులో మక్కజొన్న మనిషెత్తు దాటింది. లోపల మనిషి నిలబడితే బయటికి కనబడడు. కోతులు చేను మీద పడి, తీగల మీద ఉయ్యాలలూగి, కలిపిన చోటల్లా ఊడదీస్తున్నాయని తమ్ముడు చెబుతుండేవాడు. ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు అదే గుబులు. వాడికి ఏమో అవుతుందని. నా భయమెప్పుడూ ఒక్క దారినే పోయింది. వాడు పైనుంటాడు, కింద ఎవరో హ్యాండిలు నూకుతారు. ఇంకో తీరుగా నేనెన్నడూ ఊహించలేదు.

ఆ రోజు మధ్యాహ్నం గల్లా దగ్గర ఉన్నాను. తమ్ముడే ఫోన్ చేశాడు, నడుస్తూ మాట్లాడుతున్నాడు.

"అక్కా, నాకు దిమాక్ ఖరాబైంది. పొద్దుగాల ఫీజు పోతే ఏసిన. ఆకలైతాందని ఇంటికి పోయిన. ఇప్పుడొచ్చి సూస్తే మోటరు నడుస్తలేదు. ఏందా అని ట్రాన్స్‌ఫారం కాడికొస్తే, హ్యాండిలు కిందికే ఉన్నది. తువ్వాల గూడ గట్లనే ఉన్నది. పైకి నూకుడే మర్చిపోయిన."

నాకు వినబడింది ఒక్కటే. "మల్ల ఎక్కినవా? పొద్దుగాల ఎక్కినవా?" అని మొదలుపెట్టాను. తాళం సంగతి ఎత్తాను, పిల్లల సంగతి ఎత్తాను, ఇక ఎక్కనని అమ్మ మీద ఒట్టు వేసిన సంగతి ఎత్తాను. నేను తిడుతూ ఉండగానే వాడు తువ్వాల విప్పాడు. ఇనుము కొట్టుకున్న చప్పుడు ఫోనులో వినబడింది. దూరంగా మోటరు లేచింది.

"వచ్చిందక్కా."

తిడుతూనే ఉన్నాను. వాడు ఆఁ ఊఁ అంటూ బోరు దగ్గరికి నడిచాడు. పైపు నుంచి నీళ్లు దుంకుతున్న చప్పుడు. ముఖం కడుక్కుంటున్నట్టున్నాడు.

"ఆగక్కా," అన్నాడు.

"ఏందిరా?"

"నా తువ్వాల గీడ డబ్బా మీద ఆరేసి ఉన్నది."

"ఉంటే ఏమైంది?"

వాడు నాతో మాట్లాడటం లేదు. "మరి నా భుజం మీదున్నది ఎవలది?" అన్నాడు, చాలా మెల్లగా. నాకు ఇంకా అర్థం కాలేదు. ఎవరిదో ఒకరిదిలే అనబోయాను. అంతలో ఫోను జేబులో పడ్డట్టుంది. పరుగు. ఆయాసం. ఇనుము చప్పుడు మళ్లీ. మోటరు ఆగిపోయింది. తర్వాత మక్క ఆకులు గరగరమని రాసుకుంటున్న చప్పుడు. "కాకా! కాకా! ఓ కాకా!" రీచార్జి కోసం వచ్చిన అబ్బాయి నంబరు చెబుతూనే ఉన్నాడు, నేను కళ్లప్పగించి వాణ్ణే చూస్తున్నాను. ఆకుల చప్పుడు ఆగింది. తర్వాత వినబడింది మా తమ్ముడి గొంతని నేను గుర్తుపట్టలేకపోయాను.

కాక తన మోటరు తీగను కోతులు ఊడగొడితే కలుపుకుందామని వచ్చాడు. హ్యాండిలు గుంజాడు, తువ్వాల కట్టాడు, చేను నడుమకు పోయాడు. నీళ్లు పారిన నేల, చెప్పులు ఒడ్డు మీదే విడిచాడు. ఆయన చేయాల్సినవన్నీ చేశాడు. మావాడు కూడా పద్ధతి తప్పలేదు. కట్టినవాడే విప్పాలి. పొద్దున తనది విప్పి, కరెంటు వేసి, డబ్బా మీద ఆరేసిన సంగతి మరిచి, కట్టింది తానే అనుకున్నాడు.

ఊళ్లో ఒక్కరంటే ఒక్కరు వాణ్ణి ఒక్క మాట అనలేదు. పోలీసులు వచ్చి, ప్రమాదమని రాసుకుని పోయారు. కాక భార్య, మా చిన్నమ్మ, ఏడ్చి ఏడ్చి గొంతు పోయిన మనిషి, వాణ్ణి దగ్గరికి పిలిచి తల నిమిరింది. "నువ్వేం జేస్తవ్ కొడుకా, తువ్వాలలు ఒక్క తీరే ఉండె." నాకు అక్కడే భూమిలోకి పోవాలనిపించింది. వాడు మాత్రం ఆమె కాళ్ల దగ్గరే కూర్చున్నాడు. ఎవరైనా నాలుగు తిట్టి ఉంటే బతికిపోయేవాడు.

ఆ తర్వాత వాడు తలకు తువ్వాల చుట్టడం మానేశాడు. ఉత్త తలతో ఎండలో తిరుగుతాడు. ఫోన్ చేస్తే ఆఁ అంటాడు, అంతే. అన్నం ముందర పెడితే తింటాడు, పెట్టకపోతే అడగడు. నేను మరదలితో చెప్పి, ఇంట్లో ఉన్న పురుగుమందు డబ్బాలన్నీ పక్కింటికి పంపించాను. ఎందుకో ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. రోజూ పొద్దున లేవగానే ఆమెకు ఫోన్ చేసి, "లేచిండా?" అని అడగడం నా దినచర్య అయింది. ఆమె "లేచిండు వదినా" అన్నదాకా నేను చాయ్ ముట్టేదాన్ని కాదు.

ఒక మధ్యాహ్నం దుకాణంలో ఫోను మోగింది. ఆట నుంచి. తమ్ముడు లోపలికి వచ్చాడని. గబగబా నేనూ వెళ్లాను. మా లోకంలో దీపాలన్నీ ఆరిపోయి ఉన్నాయి. వాడి బొమ్మ ఆ స్తంభం ముందర నిలబడి ఉంది. మీట కిందికి ఉంది, తెల్ల ఉన్ని బ్లాకు వేలాడుతోంది. "తిన్నవారా?" అని రాశాను. జవాబు లేదు. పక్కన పోయి నిలబడ్డాను. కాసేపటికి వాడి బొమ్మ మాయమైంది.

అనుమానమొచ్చి ఆలోచనల పేజీ తెరిచాను. అప్పుడే పెట్టినట్టున్నాడు. తువ్వాల బ్లాకు. ఆపినవాడే వేయాలి, ఇంకెవరి చేతికీ మీట లేవకూడదు. ఇంకేమీ రాయలేదు, ఎందుకో చెప్పలేదు. కింద ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి అప్పటికే ఒక ప్రశ్న రాసి పెట్టాడు. మరి ఆపినవాడు రాకపోతే?

నా ప్రశ్నే అది. నా నోటి నుంచి వచ్చిందే. ఆ మనిషి మీద పిచ్చి కోపం వచ్చింది. తమ్ముడికి చేస్తే ఎత్తలేదు. మరదలికి చేశాను.

"ట్రాన్స్‌ఫారం కాడున్నడు వదినా," అంది. ఏడుస్తోంది. "నిన్నటి సంది అంతే. హ్యాండిలు గుంజి కూసున్నడు. ఎవ్వల్ని ముట్టనిస్తలేడు. మోటర్లన్ని బంద్ అయినయ్. అందరి వరి ఎండుతాంది. నీకు చెప్పద్దన్నడు."

షట్టరు దించి నర్సంపేట బస్సెక్కాను. ఊరు చేరేసరికి పొద్దు వాలుతోంది. దూరం నుంచే తేడా తెలిసింది. ఆ వేళకు పొలాల్లో ఎక్కడో ఒక మోటరు మోగుతూనే ఉండాలి. ఒక్కటీ లేదు. రైతులు ఒడ్ల మీద నిలబడి ఉన్నారు. అందరూ అటే చూస్తున్నారు, ఎవరూ దగ్గరికి పోవడం లేదు. కాక మక్క చేను కోసేశారు, నేలంతా మోళ్లు. హ్యాండిలు కిందికి ఉంది. దానికి తెల్ల తువ్వాల, ఆకుపచ్చ అంచు. కింద ఉత్త తలతో మా తమ్ముడు. పెదాలు ఎండకు పగిలిపోయి ఉన్నాయి.

"ఎవలున్నరురా లైను మీద?" అన్నాను.

"ఎవ్వల్లేరు."

"మరి ఈ తువ్వాల ఎవలది?"

"కాకది."

వాడి పక్కనే చతికిలబడ్డాను.

"నేను ఇప్పొద్దుండె అక్కా. కట్టినోడే ఇప్పాలె," అన్నాడు. "అందుకే మల్ల కట్టిన."

ఒడ్ల మీది మనుషుల్లో ఎవరూ ముందుకు రాలేదు. పంట ఎండుతున్నా సరే, ఆ తువ్వాల మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికీ లేదు. ఎవరో వెళ్లి చెప్పినట్టున్నారు, చిన్నమ్మ వచ్చింది. బోసి చేతులతో, మోళ్లు గుచ్చుకుంటున్నా చూసుకోకుండా అడ్డంగా నడుచుకుంటూ వచ్చింది. తమ్ముడు లేచి హ్యాండిలుకు అడ్డం నిలబడ్డాడు.

"వద్దు చిన్నమ్మా."

"ఆయన రాడు కొడుకా," అంది. "నేనొచ్చిన. ఆయన బదులు నేనిప్పుత. జరుగు."

వాడు జరగలేదు. ఆమె వాడి చెయ్యి పట్టుకుని పక్కకు తీసింది. ముడి గట్టిగా పడింది, చాలాసేపు పట్టింది. విప్పాక దాన్ని దులిపి వాడి తలకు చుట్టింది. వాడు పసిపిల్లాడిలా తల వంచి నిలబడ్డాడు. అప్పుడు ఏడ్చాడు. అన్ని రోజుల తర్వాత మొదటిసారి నోరు తెరిచి ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

చిన్నమ్మ నా వైపు తిరిగింది. "హ్యాండిలు నూకు బిడ్డా. పొలాలు ఎండుతానయ్."

"ఆగు!" అని అరిచాడు తమ్ముడు. ఒడ్డు దూకి పరుగెత్తాడు. ప్రతి స్తంభం దగ్గర ఆగి, ప్రతి బోరు దగ్గర ఆగి, "ఎవలన్న ఉన్నరా? లైను మీద ఎవలన్న ఉన్నరా?" అని కేకలు వేసుకుంటూ పొలాల చివరి దాకా పోయాడు. మోళ్లు తప్ప ఏమీ లేని కాక చేనులోకి కూడా పోయి నలువైపులా తిరిగి అరిచాడు. ఎవరూ పలకలేదు. మసక పడుతుండగా తిరిగి వచ్చి, ఊపిరందక, నాకు తల ఊపాడు.

చిన్నప్పుడు చుట్టూ తిరిగి పోయిన ఆ ఇనుమును రెండు చేతులా పట్టుకున్నాను. పగటి ఎండకు ఇంకా వేడిగా ఉంది. కళ్లు మూసుకుని పైకి నూకాను. తమ్ముడు రెండు చెవులూ మూసుకున్నాడు. చుట్టూ పొలాల్లో, ఎవరి చెయ్యీ పడకుండా, మోటర్లన్నీ వాటంతట అవే మొదలయ్యాయి.